స్పానిష్ అభ్యాసకుల ఆంగ్ల క్రియా సందిగ్ధత: వ్యత్యాస విశ్లేషణ పరిమితులు

స్పానిష్ మాతృభాషగా గలవారికి ఆంగ్లం బోధించే పుస్తకాలలో తారుమారయ్యే క్రియల పట్టికలు తరచుగా కనిపిస్తాయి. 'డూ–మేక్', 'సే–టెల్', 'విన్–ఎర్న్', 'హోప్–ఎక్స్‌పెక్ట్–వెయిట్' వాటిలో ప్రధానమైనవి. స్పానిష్‌లో వీటికి వరుసగా 'అసేర్', 'దెసీర్', 'గనార్', 'ఎస్పెరార్' అనే ఒక్కొక్క క్రియే ఉండటం పొరపాట్లకు కారణమని వివరిస్తారు. రాబర్ట్ లాడో 1957లో 'లింగ్విస్టిక్స్ అక్రాస్ కల్చర్స్' గ్రంథంలో ప్రతిపాదించిన వ్యత్యాస విశ్లేషణ ఈ వివరణకు మూలం. మాతృభాషలోని ఒక రూపం లక్ష్యభాషలో రెండుగా చీలడాన్ని క్లిఫర్డ్ ప్రేటర్ తన క్లిష్టతా సోపానంలో పై మెట్టున నిలిపాడు.

ఈ వివరణ కొంతవరకే సమంజసం. తెలుగులోనూ 'చేయు' అనే ఒకే క్రియ 'డూ', 'మేక్' రెండింటి పని చేస్తుంది. అయినా ఇరువురి దోషాలూ ఒకటి కావు. 'తప్పు చేశాను' అనే తెలుగువాడు ఆంగ్లంలో 'డిడ్ ఎ మిస్టేక్' అంటాడు. స్పానిష్‌లో తప్పుకు 'కొమెతేర్' అనే వేరే క్రియ ఉంది. కనుక అక్కడ 'అసేర్' ప్రభావానికి అంతగా తావులేదు. ప్రశ్న విషయంలో ఇది తిరగబడుతుంది. స్పానిష్‌లో ప్రశ్నను 'చేస్తారు'. అందువల్ల 'మేక్ ఎ క్వశ్చన్' అనే దోషం పుడుతుంది. తెలుగులో ప్రశ్నను 'అడుగుతాం', ఆంగ్లంలోనూ అంతే. దీనినిబట్టి క్లిష్టత క్రియలో కన్నా నామ–క్రియా సాహచర్యంలో ఉందని తేలుతుంది.

చీలిక లేనిచోటా దోషాలుంటాయి. 'కమ్', 'గో'లకు స్పానిష్‌లో 'వెనీర్', 'ఈర్' అనే రెండు క్రియలున్నాయి. అయితే పిలిచినవారి వద్దకు కదిలేటప్పుడు స్పానిష్ వక్త 'వెళ్తున్నాను' అనే అర్థంలో 'బోయ్' అంటాడు. ఆంగ్లంలో 'కమ్' వాడాలి. తెలుగువారు 'వస్తున్నాను' అంటారు కనుక ఈ చిక్కు వారికి లేదు. పదాల సంఖ్యను లెక్కించే సోపానానికి ఈ భేదం అందదు.

అభ్యాసకుని దోషాలనే ఆధారంగా తీసుకోవాలని పిట్ కార్డర్ 1967లో సూచించాడు. స్పానిష్ అభ్యాసకుల కోసం రూపొందిన పట్టికలను మన తరగతులలో యథాతథంగా వాడితే, లేని దోషాన్ని దిద్దుతూ ఉన్న దోషాన్ని విస్మరించే ప్రమాదముంది. క్రియల జంటలకు బదులు నామాల వారీగా, మన విద్యార్థుల రచనల నుండే ఇటువంటి పట్టికలు రూపొందించడం అవసరం.