ముగ్గురు కృష్ణులు, ఒక్క రాయబారం

మార్కాపురం, గిద్దలూరు, కంభం చుట్టుపక్కల పల్లెల్లో తిరునాళ్లకో శ్రీరామనవమికో పద్యనాటకం పెట్టించారంటే ముందుగా వాల్‌పోస్టరు చూడాలి. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని వరసగా పేర్లుంటాయి. పడకసీనులో నిద్ర లేచే కృష్ణుడు ఒకరు, కౌరవసభకు రాయబారం వెళ్లేది మరొకరు, ఆ తర్వాతి రంగాలకు ఇంకొకరు. పొడవు మారుతుంది, గొంతు మారుతుంది, కిరీటం కూడా మారుతుంది. పాత కౌబాయ్ సినిమాల్లో హీరో టోపీ ఒక షాట్‌లో నెత్తిమీద, మరో షాట్‌లో చేతిలో కనిపిస్తేనే కంటిన్యూటీ తప్పిందంటాం. పద్యనాటకం ఏకంగా హీరోనే మార్చేస్తుంది. అయినా పందిట్లో ఒక్కరూ అభ్యంతరం చెప్పరు. అది పొరపాటు కాదు, పద్ధతి.

ఈ పద్ధతి కాంట్రాక్టు నాటకాలతో బలపడింది. కాంట్రాక్టరు ఒక్కో ఊరి నుంచి పేరున్న నటులను పిలిపించి ఆ రాత్రికి జట్టు కడతాడు. కలిసి రిహార్సల్ వేసుకునే వ్యవధి ఉండదు. తెల్లవార్లూ పద్యాలు పాడటం ఒక్క గొంతువల్ల అయ్యే పని కూడా కాదు. అన్నిటికీ మించి, కథ అందరికీ తెలిసిందే. కృష్ణుడు ఏం చేస్తాడో చూడటానికి ఎవరూ రారు. ఈ కృష్ణుడు ఆ పద్యం ఎలా ఎత్తుకుంటాడో వినడానికి వస్తారు. ఒకే రాత్రి ముగ్గురిని విని బేరీజు వేసుకునే అవకాశం ఇంకే కళలో దొరుకుతుంది?

అతుకులు కనిపించే చోట కథను నడిపించేది హార్మోనిస్టు. కొత్త కృష్ణుడు తెర దాటకముందే ఆయన వేళ్లు పాత శ్రుతి వదిలి కొత్త శ్రుతిలోకి వచ్చేస్తాయి. నటుడు ఆ శ్రుతిని పట్టుకుని నేరుగా మైకు ముందుకొస్తాడు. దుర్యోధనుడు వెనక ఉన్నా పద్యం చెప్పేది మాత్రం జనం వైపు తిరిగే. చివరి అక్షరం దగ్గర రాగం తీస్తున్నంతసేపూ సభ మొత్తం నిలబడిపోతుంది. పద్యం పూర్తయ్యాకే కథకు మళ్లీ కదలిక.

కథలో నమ్మశక్యం కానివీ తక్కువేం లేవు. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన సత్య హరిశ్చంద్రీయంలో కాటిసీనే తీసుకోండి. కొడుకు శవాన్ని ఒళ్లో పెట్టుకుని చంద్రమతి పద్యం మీద పద్యం పాడి ఏడుస్తుంది. అంతసేపు విన్నా భార్య గొంతును హరిశ్చంద్రుడు గుర్తుపట్టడు. కాటిసుంకం కట్టమంటాడు. చివరికి, భర్తకు తప్ప ఇతరులకు కనిపించని మంగళసూత్రం చూసి గాని ఆమె ఎవరో తెలుసుకోడు. ఈలోగా జనం ‘వన్స్‌మోర్’ అన్నారా, ఏడుపు ఆపి అదే పద్యం మళ్లీ మొదటినుంచి అందుకోవాల్సిందే.

లోకరీతిన చూస్తే ఇదంతా అసంభవం. కానీ ఆ గొంతు ముందే గుర్తుపడితే సత్యానికి పరీక్ష ఎక్కడ? పరాయి మనిషిని అడిగినట్టే కట్టుకున్నదాన్నీ సుంకం అడగడంలోనే ఆ కథ బరువంతా ఉంది. ఆ బరువు తూగడానికే నాటకకర్త నమ్మకాన్ని అంత దూరం లాగాడు.

కాలం విషయంలోనూ ఇంతే. పక్కనే ఉన్న వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా (1895–1971) శ్మశానంపై రాసిన పద్యాలు ఆ నాటకంలోవి కావు. నటులే వాటిని కాటిసీనులోకి తెచ్చుకున్నారు. పురాణకాలపు రాజు ఇరవయ్యో శతాబ్దపు కవి పద్యం పాడుతూ, అంటరానితనం చెల్లని చోటు శ్మశానమని చెబుతాడు. కులం పేరిట అవమానాలు పడ్డ కవి మాట, కాటికాపరి అయిన చక్రవర్తి నోట వచ్చి ఊరందరి ముందు నిలుస్తుంది. కాలానికి కట్టుబడి ఆ పద్యాలు తీసేస్తే కాటిసీనుకు ప్రాణం పోతుంది.

అలాగని పద్యనాటకంలో అన్నీ ఒప్పులే అనను. ఇక్కడ అసలు తప్పులు వేరు. చప్పట్ల కోసం రాగాన్ని సాగదీసి అర్థాన్ని మింగేయడం తప్పు. పదాన్ని విరవకూడని చోట విరిచి భావం చెడగొట్టడం తప్పు. తిరుపతి వేంకట కవులు పాండవోద్యోగ విజయాల్లో మాట్లాడినంత సహజంగా పద్యాలు రాశారు; వాటిని మాట తెలిసేలా చెప్పాలి. పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడిగా అంత పేరు తెచ్చుకోవడంలో ఆ స్పష్టతకు పెద్ద భాగమే ఉంది. కిరీటం మారితే క్షమించే పల్లె శ్రోత, పద్యం తప్పితే ఊరుకోడు. చదువు రాని పెద్దలు సైతం తర్వాతి పాదం ముందే అందించడం ఈ ప్రాంతంలో కొత్తకాదు. సమాసాలతో నిండిన పద్యాన్ని బడికి వెళ్లనివాళ్ల నాలుకమీద నిలిపింది ఈ నాటకమే.

తిరునాళ్ల కమిటీలకు ఒక్క విన్నపం. ఖర్చు చూసుకుని నాటకాన్ని రెండు సీన్లకు కుదించకండి. హార్మోనిస్టుకు నటుడితో సమానంగా పారితోషికం ఇవ్వండి. పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి. కృష్ణుడు ఎందుకు మారాడని వాళ్లు అడిగితే నవ్వి ఊరుకోకుండా, ఇద్దరిలో ఎవరి పద్యం బాగుందో చెప్పమని తిరిగి అడగండి.