కాకి చూసే ఊరు, ఎవరూ చూడని ఊరు

రెండు సినిమాలూ ఒక ముసలాయన నోటితోనే మొదలవుతాయి. 'బలగం'లో కొమురయ్య ఊరంతా తిరుగుతూ ఎదురైనవాళ్ళందరినీ పలకరిస్తాడు, పరాచికాలాడతాడు, చనువుకొద్దీ నాలుగు మాటలు అంటాడు. 'తిథి'లో సెంచురీ గౌడ వీధి పక్కన కూర్చుని దారిన పోయే ప్రతివాడినీ వరసపెట్టి తిడతాడు. వయసు నూటొక్కటి, కనక ఎవరూ ఎదురు చెప్పరు. కాసేపటికి ఇద్దరూ పోతారు. అక్కడి నుంచి పదకొండో రోజు దాకా ఆ ఇంటివాళ్ళు ఏం చేశారన్నదే రెండు చోట్లా కథ. మూడు తరాల మగవాళ్ళు, డబ్బు ఇరకాటం, మేకో గొర్రో కోసి ఊరికి పెట్టాల్సిన భోజనం, మనసు మరెక్కడో ఉన్న కుర్రాడు. ఇన్ని పోలికలున్నా ఈ రెండు సినిమాలూ ఒకదానికొకటి చుట్టాలు కావు. ఎందుకు కావో చూడటమే ఈ వ్యాసం పని.

'తిథి' ముందు వచ్చింది. రామ్ రెడ్డి తొలి సినిమా. 2015లో లొకార్నో చిత్రోత్సవంలో కొత్త దర్శకుల విభాగంలో గోల్డెన్ లెపర్డ్ గెలిచింది, ఉత్తమ కన్నడ చిత్రంగా జాతీయ పురస్కారమూ తెచ్చుకుంది. మండ్య జిల్లా నొదెకొప్పలు, ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే అందులో నటులు. అంతకు ముందు కెమెరా ముందు నిలబడ్డవాళ్ళు కాదు. 'బలగం' 2023 మార్చి 3న విడుదలైంది. అప్పటిదాకా మనం హాస్యనటుడిగా, 'జబర్దస్త్' వేణుగా ఎరిగిన వేణు ఎల్దండికి దర్శకుడిగా అదే మొదటి సినిమా. తాను పుట్టి పెరిగిన సిరిసిల్ల వైపు మాటను, తిండిని, తగాదాను తెర మీదికి తెచ్చాడు. నిర్మాణం దిల్ రాజు సంస్థది. అంటే పాటలూ, ప్రేమా, నవ్వులూ ఎంతో కొంత ఉండి తీరాల్సిన చోటు అది.

'బలగం'లో కథను నడిపేది మనిషి కాదు, కాకి. మూడో రోజు పిండం పెట్టి ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తారు. పిట్ట ముట్టదు. కొమురయ్యకు ఇష్టమైనవన్నీ వండి పెట్టినా, కల్లూ మందూ పెట్టినా ముట్టదు. ఐదో రోజూ అంతే. ఇక ఊరి పెద్దలు మాట్లాడటం మొదలుపెడతారు: ఈ ఇంట్లో ఏదో తేడా ఉంది, పెద్దాయనకు తీరని కోరిక ఉంది, ఇది ఊరికి మంచిది కాదు. వేణు చేసిన తెలివైన పని ఇక్కడుంది. చనిపోయినవాడికి ఇంకా ఒక అభిప్రాయం ఉందని నమ్మే ఊరిని తీసుకుని, ఆ అభిప్రాయం ఏమిటో కనుక్కోవడాన్ని కథగా మార్చాడు. దాంతో ప్రతి పాత్రా విచారణలో నిలబడుతుంది. పెద్దకొడుకు ఐలయ్య, ఊరు విడిచిపోయిన చిన్నకొడుకు మొగిలయ్య, అల్లుడు నారాయణ, అప్పుల్లో మునిగిన మనవడు సాయిలు, అందరూ ఆ పిండం ముందు ముద్దాయిలే.

'తిథి'లో చనిపోయినవాడికి అభిప్రాయమంటూ ఉండదు. సెంచురీ గౌడ పోయాడు, అంతే. ఆయన పెద్దకొడుకు గడ్డప్ప, తానూ తెల్లటి గడ్డం పెరిగిన ముసలాయనే. కబురు విని ఓహో అనుకుని తన దారిన తాను నడుస్తాడు. జేబులో చవక బ్రాందీ, కాళ్ళకు పొలాల గట్లు. దినాలు ఘనంగా చేయాలన్న తాపత్రయమంతా మనవడు తమ్మణ్ణది. అదీ తాత మీద ప్రేమతో కాదు. ఊరు నవ్వుతుందేమోనని, భూమి చేజారిపోతుందేమోనని. తాత పేరున ఉన్న ఐదెకరాలు అమ్ముకోవాలంటే తండ్రి సంతకం కావాలి. తండ్రేమో ఆస్తి ఊసెత్తితే పట్టించుకోడు. తమ్మణ్ణ దొంగ కాగితాలు పుట్టించి, బతికున్న తండ్రిని చచ్చిపోయాడని రాయించేస్తాడు. అంతటితో ఆగక చేతిలో డబ్బు పెట్టి, నువ్వు కొన్నాళ్ళు ఊళ్ళు తిరిగి రా నాన్నా అని సాగనంపుతాడు. ఒక నిజమైన చావు, ఒక కాగితం చావు. దినం ఒకరికి, మరణ ధ్రువపత్రం మరొకరికి. తెలుగులో ఇంత క్రూరమైన హాస్యం ఈమధ్య కాలంలో నాకు తగల్లేదు. తమ్మణ్ణను దర్శకుడు దుర్మార్గుడిగా చూపించకపోవడం ఇంకా క్రూరం. ఆఫీసుల చుట్టూ తిరిగి, అప్పిచ్చే కమలక్క ముందు నిలబడి, చెమటలు కక్కే మామూలు గృహస్థు అతను.

చనిపోయినవాడికి అభిప్రాయం ఉందా లేదా అన్న ఈ నమ్మకంలోని తేడాయే కెమెరా నడకలోకీ దిగింది. 'బలగం'లో కెమెరా ఇంటి మనిషి. ముఖాలకు దగ్గరగా వెళ్తుంది, ఏడ్చేవాళ్ళ పక్కన కూర్చుంటుంది, ఎవరు ఎవరి వంక చూశారో గమనిస్తుంది. భీమ్స్ సంగీతం దగ్గరుండి చేయి పట్టుకుని నడిపిస్తుంది. కాసర్ల శ్యామ్ రాసిన ఊరి పాట మొదట్లోనే మనల్ని ఆ ఊరివాళ్ళుగా నమోదు చేసేస్తుంది. ఆ పాటకే ఆయనకు జాతీయ పురస్కారం వచ్చింది. 'తిథి'లో కెమెరా ఆ దారిన పోతున్న మనిషి. కాస్త దూరంగా నిలబడి, తొందరేమీ లేకుండా, జరిగేది జరగనిస్తుంది. వెనక నుంచి వాయిద్యాలు వచ్చి ఇక్కడ నవ్వండి, ఇక్కడ ఏడవండి అని చెప్పవు. గొర్రెల గంటలు, మోటారు సైకిళ్ళు, గాలి, పెద్ద గొంతుకలు ఉంటాయి. పైనుంచి ఎవరూ చూడటం లేదనుకునే సినిమాకు ఆ చూపే తగినది. కాకి చూస్తోందనుకునే సినిమాకు ముఖాలు కావాలి, ఎందుకంటే తీర్పు ముఖాల మీదే కనపడాలి.

వేణు ఆ ఊరివాడు కాబట్టి దగ్గరగా తీశాడు, రామ్ రెడ్డి బెంగళూరు నుంచి వచ్చినవాడు కాబట్టి దూరంగా నిలబడ్డాడు అని ఒక సులువైన వివరణ ఉంది. నేను దాన్ని ఒప్పుకోను. 'తిథి' కథ రాయడంలో సగం చేయి ఈరేగౌడది. ఆయనది నొదెకొప్పలే. ఆ మొరటు హాస్యం, ఆ నిర్మొహమాటం ఊరి లోపలి నుంచి వచ్చినవే. ఊరివాళ్ళందరూ ఊరిని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకోవాలనేమీ లేదు. కొందరు పగలబడి నవ్వుతారు.

మాంసం సంగతి చూడండి. రెండు కథల్లోనూ మెలిక అక్కడే పడుతుంది. 'బలగం'లో నారాయణకు అత్తగారింటి మీద ఉన్న పగ ఏ ఆస్తి గొడవతోనో పుట్టలేదు. భోజనాల దగ్గర నల్లి బొక్క (మూలుగ ఎముక) విషయంలో మాటా మాటా పెరిగి, లేచి వెళ్ళిపోయిన అల్లుడు ఏళ్ళ తరబడి గడప తొక్కలేదు, పెళ్ళాన్నీ తొక్కనివ్వలేదు. బయటివాళ్ళకు ఇది నవ్వులాట. నారాయణగా వేసిన మురళీధర్ గౌడ్ దాన్ని నవ్వులాటగా ఆడలేదు. అల్లుడికి విస్తట్లో ఏ ముక్క పడిందన్నది ఈ సమాజంలో మర్యాదకు కొలత. ఆ కొలత తప్పితే మనిషి బిగుసుకుపోతాడు. చావుకు వచ్చి కూడా ఆయన కూర్చునే తీరు, పలకరిస్తే అరక్షణం ఆలస్యంగా తలూపే తీరు చూస్తే, అలిగిన అల్లుళ్ళందరూ ఒకేసారి గుర్తొస్తారు. తెలుగు సినిమా అల్లుడి మీద ఎన్నో హాస్యాలు తీసింది. అలకను ఇంత గంభీరంగా తీసుకున్నది తక్కువ.

'తిథి'లో మాంసం మర్యాద కొలత కాదు, కేవలం ఖర్చు. దినం భోజనానికి గొర్రెలు కొనమని తమ్మణ్ణ కొడుకు అభికి డబ్బిస్తాడు. అభి ఆ డబ్బు జూదంలో పోగొట్టి, ఊరి బయట దిగిన సంచార గొర్రెల కాపరుల మందలోంచి దొంగిలిస్తాడు. ఆ కాపరుల పిల్ల కావేరి వెనకే అతను తిరుగుతున్నాడు. వాళ్ళ దగ్గరే తాత గడ్డప్ప తలదాచుకున్నాడు. మూడు దారాలు గొర్రె మెడ దగ్గర ముడిపడతాయి. ఈ అల్లిక గొప్పది, కాని దర్శకుడు దాన్ని గొప్పగా చూపించుకోడు. దినం రోజు కాపరులతో కలిసి గడ్డప్ప ఊళ్ళోకి నడిచొస్తాడు. కాగితాల్లో పోయినవాడు అందరి కళ్ళెదుటా నిలబడతాడు. పెద్ద నాటకం నడిపించగల సన్నివేశం అది. సినిమా భుజాలెగరేసి ఊరుకుంటుంది.

నాకు రెండు సినిమాల్లోనూ గుండెకాయ అనిపించిన చోట్లు కూడా జంటగానే కనిపిస్తాయి. 'బలగం' చివర పదకొండో రోజున బుడగజంగాల కళాకారులు కొమురయ్య జీవితాన్ని కథగా పాడతారు. పాడింది నిజమైన కళాకారులు, ఓరుగల్లు వైపు దుగ్గొండికి చెందిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. మొగిలయ్య 2024 డిసెంబర్‌లో కన్నుమూశారు. ఆ పాటలో కొడుకులు, కోడళ్ళు, బిడ్డ, అల్లుడు, మనవడు ఒక్కొక్కరే కరిగిపోతారు. దర్శకుడు ఇక్కడ తన సినిమా భాషను పక్కన పెట్టి, తనకంటే పాత కళకు పగ్గాలు అప్పగించాడు. చావింట్లో కథ పాడించుకోవడం తెలంగాణలో ఉన్న ఆనవాయితీయే. దాని పని అదే: చచ్చినవాడి పేరు మీద బతికున్నవాళ్ళను ఏడిపించి కడగడం. అది తెర మీద కూడా పనిచేసింది. ఊళ్ళల్లో తెరలు కట్టి, పంచాయతీ దగ్గర జనమంతా కూర్చుని ఈ సినిమా చూశారు. మాటల్లేని అన్నదమ్ములు కలిశారన్న వార్తలూ వచ్చాయి.

'తిథి'లో ఆ జోడీ సన్నివేశం రాత్రి మంట పక్కన జరుగుతుంది. గడ్డప్ప కాపరులకు తన కథ చెబుతాడు. తన తండ్రి, ఊరంతా సెంచురీ గౌడ అని గౌరవించే ఆ పెద్దమనిషి, తన సంసారాన్ని ఎలా నాశనం చేశాడో చెబుతాడు. గొంతు పెంచడు. సినిమా అంతా గాలికి తిరిగే సరదా ముసలాయన అనుకున్నవాడు, ఆస్తి వద్దన్నవాడు, తండ్రి చావుకు కన్నీరు కార్చనివాడు, ఎందుకలా ఉన్నాడో అప్పుడు తెలుస్తుంది. విన్నది ఎవరు? పరాయివాళ్ళు, నాలుగు రోజుల్లో మంద తోలుకుని వెళ్ళిపోయేవాళ్ళు. తమ్మణ్ణ వినలేదు, అభి వినలేదు. ఎక్కడ చెప్పాలో అక్కడ చెప్పని నిజం ఎవరినీ కలపదు. కొమురయ్య కథ అయినవాళ్ళ మధ్య పాడారు కాబట్టి మందయింది. సెంచురీ గౌడ కథ అయినవాళ్ళకు చేరలేదు కాబట్టి దినం భోజనంలో ఆయన ఇంకా పెద్దమనిషే.

ఇక్కడ 'బలగం' మీద నా ఫిర్యాదు చెప్పాలి. పోయినవాళ్ళ కథలు పాడించుకునేటప్పుడు మంచే పాడతారు. కొమురయ్య మంచివాడు, అందరూ కలిసి ఉండాలని కోరుకున్నవాడు. కాబట్టి ఆయన కోరికకు తలవంచడం తేలిక. అదే పిండం సెంచురీ గౌడదైతే? ఆయన కోరిక ఏదైనా కావచ్చు, దాన్ని తీర్చాలా? పెద్దవాళ్ళ మాట చావు తర్వాత కూడా ఇంటి మీద అధికారం చెలాయించవచ్చా అన్న ప్రశ్నను 'బలగం' అడగదు, అడిగితే కాకి నమ్మకం మీద కట్టిన ఇల్లు కదులుతుంది. ఇంకోటి, సాయిలు. ప్రియదర్శి చాలా బాగా చేసిన పాత్ర. మొదట్లో అతనొక స్వార్థపరుడు. తాత శవం ఇంట్లో ఉండగా అతని దిగులు కట్నం మీద, అప్పులవాళ్ళ మీద. బావిలో పడ్డవాడికి తాడు కనిపించినట్టు నారాయణ కూతురు సంధ్య కనిపిస్తుంది. ఆ స్వార్థం నిజాయితీగా రాసుకున్నది. తర్వాత అది ప్రేమగా ఎప్పుడు మారిందో సినిమా చెప్పదు, మనం ఒప్పేసుకోవాలి. ఆఖరి పాట నడిచేసరికి అప్పు సంగతే ప్రేక్షకుడికి గుర్తుండదు.

ఆడవాళ్ళ విషయంలో రెండూ బాకీపడ్డాయి. 'బలగం'లో పుట్టింటికీ మొగుడు నారాయణకీ మధ్య నలిగిన లక్ష్మిగా రూపలక్ష్మి కళ్ళతోనే సగం పాత్ర పోషించింది. కాని ఆ నలుగుబాటు మగవాళ్ళు కలవడానికి పనికొచ్చే జిగురుగానే మిగిలింది. అన్ని ఏళ్ళు పుట్టింటికి రానివ్వని మొగుడిని ఆమె ఒక్క మాట నిలదీస్తే నల్లి బొక్క కథ ఇంకో ఎత్తుకు వెళ్ళేది. 'తిథి'లో గడ్డప్ప భార్య కథలో తప్ప కనపడదు. కావేరి వెంట అభి పడటాన్ని ఆ దూరపు కెమెరా అదే నిర్లిప్తతతో చూస్తుంది. ఆ నిర్లిప్తత అక్కడ నాకు నచ్చలేదు.

ఈ రెంటి మధ్యలో 2018లో మలయాళంలో వచ్చిన 'ఈ.మ.యౌ.' కూర్చుంటుంది. లిజో జోస్ పెల్లిశ్శేరి దర్శకుడు, పి.ఎఫ్. మాథ్యూస్ రచన. కొచ్చి దగ్గర సముద్రపుటొడ్డున లాటిన్ కాథలిక్కుల ఇల్లు. తండ్రికి ఘనంగా అంత్యక్రియలు చేస్తానని మాటిచ్చిన ఈశి, ఆ రాత్రే చచ్చిపోయిన తండ్రి కోసం అప్పులు చేసి, అవమానాలు పడి, చర్చి ఫాదర్ ఖననం కాదన్నాక తన పెరట్లోనే గొయ్యి తవ్వుతాడు. ఒడ్డున పేకాడుకునే ఇద్దరు మనుషులు మృత్యువు మనుషుల్లా అదంతా చూస్తుంటారు. చూసేవాళ్ళు ఉన్నారు, జోక్యం చేసుకోరు. దాని పూర్తి లెక్క వేరే వ్యాసానికి వదిలేస్తాను.

ఒకే రోజు చూడదలిస్తే 'బలగం' ముందు చూడమని నా సలహా. 'తిథి' చూశాక చూస్తే ఆ కాకి కోసం ఎదురుచూడటం కష్టమవుతుంది. ప్రతి కన్నీటి వెనకా తమ్మణ్ణ కాగితాల కట్ట ఒకటి కనిపిస్తూ ఉంటుంది.