అమ్మానాన్నలకు రెండు దారులు: అమెరికా, కెనడా

అమెరికాలో పిల్లలున్న తెలుగిళ్లలో ఐ-130 అర్జీ, ఐ-864 పోషణ హామీపత్రం ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. సిటిజన్‌షిప్ వచ్చి, 21 ఏళ్లు నిండిన కొడుకో కూతురో తల్లికొకటి, తండ్రికొకటి అర్జీ పెడతారు. తల్లిదండ్రుల వీసాలకు ఏటా ఇన్నేనన్న కోటా లేదు. తన గ్రీన్‌కార్డు కోసం ఏళ్లకేళ్లు లైన్లో నిలబడ్డ కొడుక్కి, అమ్మానాన్నల దగ్గరికొచ్చేసరికి ఆ లైను ఉండదు. ఈ ఒక్క విషయంలో అమెరికా చట్టానికి పెద్ద మనసుంది.

కెనడా సంగతి మనవాళ్లలో చాలామందికి అంతగా తెలీదు. అక్కడ సిటిజన్ అయ్యేదాకా ఆగనక్కర్లేదు, పర్మనెంట్ రెసిడెన్సీ ఉంటే చాలు. అంతవరకు అమెరికా కన్నా నయమే. కానీ అర్హత ఉన్నా అర్జీ పెట్టడానికి లేదు, లాటరీలో పేరు రావాలి. 2020లో పేర్లు నమోదు చేసుకున్నవాళ్ల జాబితాలోంచే తర్వాతి ఏళ్లలోనూ తీస్తూ వచ్చారు. 2025లో పంపిన 17,860 ఆహ్వానాలూ ఆ జాబితాలోనివే. 2021లో టొరంటో చేరినవాళ్లకు అందులో చోటే లేదు. ఇది నాకు బాధ కలిగించే విషయం. తల్లిని తెచ్చుకోవడం అదృష్టం మీద ఆధారపడకూడదు.

ఆస్పత్రి దగ్గర మాత్రం ఈ రెండు దేశాల తీరూ తారుమారవుతుంది. కెనడాలో పర్మనెంట్ రెసిడెంటుగా అడుగుపెట్టిన తండ్రికి ప్రావిన్సు ఆరోగ్య బీమా వర్తిస్తుంది. ఒంటారియో 2020లోనే మూడు నెలల నిరీక్షణ ఎత్తేసింది. బ్రిటిష్ కొలంబియాలో కొన్నాళ్లు ఆగాలి, మందుల లెక్క ప్రావిన్సును బట్టి మారుతుంది, స్పెషలిస్టు కోసం నెలల తరబడి వేచి ఉండాల్సి రావచ్చు. అయినా గుండెకు ఆపరేషన్ అయితే బిల్లు ఇంటికి రాదు.

అదే అమెరికాలోనైతే, డెబ్బై ఏళ్ల తల్లి గ్రీన్‌కార్డుతో దిగినా, 65 నిండినవాళ్లకిచ్చే ప్రభుత్వ బీమా మెడికేర్ వెంటనే దొరకదు. అయిదేళ్లు విడవకుండా నివాసముండాలి. ఆ తర్వాతా ఉచితం కాదు. తనకో భర్తకో అక్కడ పదేళ్ల ఉద్యోగం, అంటే 40 క్వార్టర్లు లేకపోతే ఆస్పత్రి ఖర్చులు చూసే పార్ట్ ఎ కూడా కొనుక్కోవాలి. 2025లో పార్ట్ ఎ నెలకు 518 డాలర్లు, డాక్టర్ల ఖర్చులు చూసే పార్ట్ బి 185 ఉండేది. ఇద్దరికీ కలిపి నెలకు 1,406 అయ్యేది.

ఈలోగా అయిదేళ్లు గడవాలి. పిల్లల కంపెనీ ఇన్సూరెన్స్ సాధారణంగా తల్లిదండ్రుల్ని చేర్చుకోదు. మిగిలేది ఒబామాకేర్ మార్కెట్‌ప్లేస్. షుగరుందని, స్టెంటు వేశారని అక్కడ కాదనరు, ప్రీమియం పెంచరు. వయసును బట్టి మాత్రం మూడు రెట్ల దాకా పెంచొచ్చు. గ్రీన్‌కార్డు వచ్చిన 60 రోజుల్లో చేరకపోతే సాధారణంగా మళ్లీ ఏటా వచ్చే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ దాకా ఆగాలి. సబ్సిడీ దగ్గర ఇంకో మెలిక ఉంది. కొడుకు టాక్స్ రిటర్న్‌లో అమ్మానాన్నల్ని డిపెండెంట్లుగా చూపిస్తే అతని జీతమూ లెక్కలోకి వచ్చి సబ్సిడీ తగ్గుతుంది, లేదా పోతుంది. విడిగా చూపిద్దామంటే, ఆదాయం పేదరిక రేఖకు దిగువనున్న కొత్త గ్రీన్‌కార్డుదారులకు 2026 నుంచి సబ్సిడీ లేదు. టాక్స్ రిటర్న్‌లు వేసిపెట్టేవాళ్లతో కూర్చుని రెండు రకాలుగానూ లెక్క కట్టించుకోవాల్సింది ఇక్కడే.

చూసిపోవడానికి వచ్చేవాళ్ల విషయంలో కెనడా తీరే నాకు నచ్చుతుంది. 2011 చివర్లో మొదలైన సూపర్ వీసాతో ఇప్పుడు ఒక్కో రాకకు అయిదేళ్ల దాకా ఉండొచ్చు. లక్ష కెనడియన్ డాలర్ల కవరేజీతో కనీసం ఏడాది ఇన్సూరెన్స్ చూపించనిదే ఆ వీసా ఇవ్వరు. అమెరికా విజిటర్ వీసా మీద మామూలుగా ఆరునెలలు ఉండనిస్తారు, ఇన్సూరెన్స్ అడగరు. మన అమ్మలు ఆరునెలల బీపీ మాత్రలు డబ్బాలో సర్దుకుని, పాలసీ కాగితం చదవకుండానే విమానమెక్కేది అందుకే. ఆ కాగితంలో పాత జబ్బులకు వర్తించదని ఉంటుంది. ఉన్నట్టుండి ముదిరితే మాత్రం ఇంత వరకు ఇస్తామని ఒక వాక్యం, కొన్ని పాలసీల్లో ఆ వాక్యానికీ వయసు పరిమితి. కెనడాకు తీసుకునే పాలసీల్లోనూ పాత జబ్బుల మీద షరతులుంటాయి, అవీ చదవాల్సిందే. అయినా అడిగి మరీ కొనిపించడంలో ఒక జాగ్రత్త ఉంది.

శాశ్వతంగా తెచ్చుకునేటప్పుడు మాత్రం రెండు దేశాలూ భారాన్ని పిల్లల మీదే పెడతాయి, రాతపూర్వకంగా. ఐ-864కు పేదరిక రేఖకు 125 శాతం ఆదాయం చూపాలి. కెనడాలో వరుసగా మూడేళ్ల ఆదాయం చూస్తారు. తేడా గడువులో ఉంది. అమెరికాలో తల్లి సిటిజన్ అయితే కొడుకు బాధ్యత తీరుతుంది. కెనడాలో ఆమె సిటిజన్ అయినా ఇరవై ఏళ్లు తీరదు, క్యూబెక్‌లో పదేళ్లు. పైగా తల్లిదండ్రుల వైద్యం ప్రభుత్వానికి మరీ ఖర్చవుతుందనిపిస్తే కెనడా అర్జీని తిరస్కరించగలదు. 2018లో ఆ ఖర్చు పరిమితిని మూడింతలు చేశారు గానీ నిబంధన పోలేదు. అమెరికాలోనూ ప్రభుత్వానికి భారమవుతారేమోనని, పబ్లిక్ చార్జ్ పేరుతో వయసు, ఆరోగ్యం చూస్తారు.

కాబట్టి దేశం కన్నా ముందు చూడాల్సింది వయసు. అరవయ్యో ఏట అమెరికా వచ్చి అక్కడే ఉండిపోయిన తండ్రికి అయిదేళ్లూ 65తో సరిగ్గా కలుస్తాయి. డెబ్బై రెండేళ్లకొస్తే 77 దాకా మార్కెట్‌ప్లేసే గతి. ఆ వయసులో, లాటరీ తగిలినవాళ్లకు కెనడా మేలు. ఏటా ఊరికెళ్లి పొలం, ఇల్లు చూసుకోకపోతే తోచనివాళ్లకు గ్రీన్‌కార్డు కన్నా విజిటర్ వీసా, సూపర్ వీసాలే హాయి.

ఏ దారైనా సరే, ఊళ్లో కట్టే హెల్త్ పాలసీని మాత్రం ఆపించకండి. మధ్యలో వదిలేసి తిరిగొచ్చాక కొత్తది తీసుకుంటే, పాత జబ్బులకు మూడేళ్ల దాకా మళ్లీ ఆగాల్సి రావచ్చు.