ఎడతెగక ప్రార్థించిన బాటసారి

బన్యను 1678లో ప్రచురించిన 'యాత్రికుని ప్రయాణము' మన సంఘములలో అనేకులకు తెలిసినదే. ఆ యాత్రికుడు స్వప్నములో నడిచినవాడు. రష్యా దేశపు మట్టిబాటలమీద కాలినడకన పోయిన మరియొక యాత్రికుని కథ కలదు. 'ఒక యాత్రికుని మార్గము' అను ఈ చిన్న గ్రంథము 19వ శతాబ్దపు చివరి భాగమున కజాను పట్టణమున అచ్చయినది. గ్రంథకర్త తన పేరు చెప్పుకొనలేదు.

చిన్ననాడే ఎడమచేయి ఎండిపోయిన ఒక రైతు, ఇల్లు కాలిపోయి భార్యయు మరణించిన మీదట, బైబిలును ఎండురొట్టెల సంచిని పట్టుకొని దేశాటనకు బయలుదేరెను. ఒక ఆదివారము గుడిలో, ఎడతెగక ప్రార్థింపవలెనన్న పౌలు ఆజ్ఞను (1 థెస్స. 5:17) వినెను. కష్టపడి బ్రదుకు మనుష్యునికి ఇదెట్లు సాధ్యమని అతడు ఊరూర విచారించెను. ప్రార్థన గొప్పదని బోధకులందరును చెప్పిరి గాని, చేయు విధమును చెప్పినవారు లేరు. మావంటి కాపరులు ఈ పుటను రెండుసారులు చదువవలెను.

తుదకు ఒక వృద్ధ సన్యాసి, యేసుక్రీస్తు కరుణను వేడుకొను చిన్న ప్రార్థన నొకదానిని నేర్పెను. దానిని దినమునకు 3,000 సారులు, పిమ్మట 6,000, ఆపైన 12,000 సారులు చెప్పుమనెను. ఇచ్చట మన పాఠకులు ఆగుదురు. వ్యర్థమైన మాటలతో ప్రార్థింపవద్దని ప్రభువు హెచ్చరింపలేదా (మత్తయి 6:7)? ఈ అభ్యంతరము న్యాయమైనదే. లెక్క చూపి దేవునియొద్ద కూలి అడుగువాడు ప్రార్థన నెరుగడు. అయితే ఆ వృద్ధుడు లెక్కను శాశ్వతముగా నుంచలేదు. తరువాత ఇష్టమైనన్ని సారులు ప్రార్థింపుమని విడిచిపెట్టెను. లెక్క పసిబిడ్డ నడక నేర్చుకొను మూడుచక్రముల బండి వంటిది. నడక వచ్చినపిమ్మట దానితో పనిలేదు.

ఆ నడక వచ్చినదో లేదో తెలిసికొనుటకు లెక్కను చూడకుడి, దోపిడి జరిగిన ఘట్టమును చూడుడి. దారిలో ఇద్దరు అతనిని కొట్టి పుస్తకములను దోచుకొనిరి. అతడు మిక్కిలి దుఃఖించెను. కొన్ని దినములకు ఆ ఇద్దరే ఖైదీల గుంపులో కనబడిరి. పుస్తకములు తిరిగి దొరికినప్పుడు అతడు వారిని నిందింపలేదు. తన డబ్బులోనిది వారికిచ్చి, మారుమనస్సు పొందుడని బతిమాలెను. పెదవులమీది నామము హృదయములోనికి దిగినదనుటకు ఇదియే సాక్ష్యము.

గ్రంథములో ఒక కొరత కలదు. ఒక పల్లెలో జనులు తనయొద్దకు రాసాగగా, అతడు చెప్పకయే వెళ్లిపోయెను. ఏకాంతము మంచిదే గాని, సంఘము విశ్వాసికి అడ్డంకి కాదు. పెండ్లాము బిడ్డలుగల మన రైతు సైబీరియాకు పోలేడు. అతడు యెరూషలేమునకు పయనమయ్యెను గాని, మొదటి నాలుగు కథనములలో ఆ పట్టణము చేరనేలేదు. అయినను మార్గములోనే ప్రభువును కలిసికొనెను. నాట్లు వేయు సహోదరికి ఆమె నాటు వరుసయే బాట. బావియొద్దకు పోయి వచ్చు దారియు బాటయే.

కాబట్టి ప్రియులారా, ఈ నెల మీ నిత్యకృత్యములలో ఒక పనిని ఎన్నుకొనుడి. ఆ పని చేయునంతసేపు ప్రభువు కరుణను వేడుకొనుడి. గట్టు తగాదాతో మీరు మాటలాడుట మానిన పొరుగువాడు జ్ఞాపకము వచ్చినయెడల, ఆ సాయంకాలమే అతని యింటికి నడువుడి.