టీఎస్‌హెచ్ పెరిగితే థైరాయిడ్ చెడినట్టేనా?

రిపోర్టులో టీఎస్‌హెచ్ గీత దాటిందంటే చాలు, థైరాయిడ్ వచ్చేసిందని తీర్మానించుకుంటాం. ఆ ఒక్క కాగితం చూసి జీవితాంతపు మాత్రకు సిద్ధపడేవారూ ఉన్నారు. ఈ తొందర తగదు. టీఎస్‌హెచ్ థైరాయిడ్ గ్రంథిలో పుట్టేది కాదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ పంపే ఆదేశం. రక్తంలో థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోన్ టీ4 తగ్గితే అది పెరుగుతుంది, టీ4 ఎక్కువైతే తగ్గుతుంది. అయితే దాన్ని కదిలించేవి థైరాయిడ్ జబ్బులు మాత్రమే కావు. ఆరోగ్యంగా ఉన్నవారిలోనూ అది రాత్రివేళ పెరిగి మధ్యాహ్నానికి తగ్గుతుంది. గర్భం తొలి నెలల్లో హెచ్‌సీజీ అనే గర్భధారణ హార్మోన్ ప్రభావంతో దిగుతుంది. పెద్ద జబ్బు నుంచి కోలుకునేటప్పుడు కొన్నాళ్లు పెరిగి, దానంతటదే సర్దుకుంటుంది. పైగా సాధారణ పరిధి అంటే ఆరోగ్యవంతుల్లో మధ్యనున్న 95 శాతం మంది విలువలే. ఏ జబ్బూ లేకుండానే నూటికి ఐదుగురు ఆ పరిధికి బయట ఉంటారన్నమాట.

మనం మింగేవాటి లెక్క వేరే ఉంది. ఒంటికి రోజుకు 30 మైక్రోగ్రాముల బయోటిన్ అనే విటమిన్ సరిపోతుంది. జుట్టు రాలకుండా వాడే కొన్ని మాత్రల్లో 5,000 నుంచి 10,000 దాకా ఉంటుంది. కొన్ని రకాల పరీక్షల్లో అది రసాయన చర్యకే అడ్డుపడి, టీఎస్‌హెచ్‌ను తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపిస్తుంది. గ్రంథి బాగానే ఉన్నా, అతిగా పనిచేస్తున్నట్టు రిపోర్టు వస్తుంది. అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే బయోటిన్ వల్ల ల్యాబ్ ఫలితాలు తప్పుతాయని హెచ్చరించింది. ఇప్పటికే థైరాయిడ్ మాత్ర వాడేవారు దాంతోపాటే ఐరన్, కాల్షియం వేసుకుంటే మందు సరిగా ఒంటికి పట్టదు, టీఎస్‌హెచ్ దిగదు. అప్పుడు మార్చాల్సింది డోసు కాదు, మాత్రలు వేసుకునే వేళ. డోసు మార్చినా ఫలితం తేలడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

మందు మొదలుపెట్టకుండా ఆగితే జబ్బు ముదరదా అంటారు. న్యాయమైన ప్రశ్నే. గర్భిణుల్లో, పసికందుల్లో, టీఎస్‌హెచ్ 10 దాటినవారిలో, టీ4 కూడా పడిపోయినవారిలో జాప్యం కూడదు. ముఖ్యంగా పసికందుల మెదడు ఎదుగుదల థైరాయిడ్ హార్మోన్ మీదే ఆధారపడి ఉంది. కానీ టీఎస్‌హెచ్ కాస్త పెరిగి, టీ4 బాగానే ఉన్న పెద్దలు రెండు మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించుకుంటే నష్టం లేదు. ఇలాంటి 65 ఏళ్లు దాటిన 737 మందిపై జరిపి 2017లో ప్రచురించిన యూరప్ అధ్యయనంలో, మాత్రతో లక్షణాలేమీ తగ్గలేదని తేలింది. ఇదంతా డాక్టరు చూసుకోవాల్సిందే కదా అనేవారూ ఉన్నారు. నిజమే, కానీ మనం చెప్పని బయోటిన్, మొన్నటి జ్వరం డాక్టరుకు ఎలా తెలుస్తాయి? రక్తం తీసే ముందే మందులు, ఈమధ్య వచ్చిన జబ్బులు, గర్భం గురించి ప్రతి ల్యాబూ అడిగి రిపోర్టు మీద రాయాలి. ఆ వివరాలు లేని అంకె మీద ఎవరికీ జీవితకాలపు మందు రాయకూడదు.