అనుపు లేని దేవత

ఉత్తరాంధ్రలో అమ్మవారి జాతర చేసే ఏ ఊరికీ అనుపు అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. అమ్మను తెచ్చుకోవడం ఎంత ముఖ్యమో పంపించడం అంతే ముఖ్యం. పాడేరు మోదకొండమ్మ జాతరలో ఉత్సవ విగ్రహాన్ని, పాదాలను, ఘటాలను గుడి నుంచి శతకంపట్టుకు తెచ్చి నిలుపుతారు. మూడో రోజు అనుపుతో గుడికి సాగనంపుతారు. మేడారంలో సమ్మక్క రెండేళ్లకోసారి చిలకలగుట్ట దిగి వస్తుంది, నాలుగో రోజు వనప్రవేశం చేస్తుంది. మన దేవతలు ఎప్పుడూ కళ్లెదుట ఉండే వాళ్లు కాదు. వస్తారు, పోతారు. మళ్లీ రావాలంటే మనం పిలవాలి.

ఫోనులోకి ఎక్కిన దేవతకు అనుపు లేదు.

సెల్‌ఫోను వచ్చాక ఆదివాసీ భక్తి ఏమైందని మనవాళ్లు రాసేవి చదువుతున్నాను. సంస్కృతి పాడైపోయిందని కొందరు బాధపడతారు. మన థింసాను దేశమంతా చూస్తోందని కొందరు మురిసిపోతారు. ఇద్దరి లెక్కా ఎంతమంది చూశారన్న దగ్గరే ఆగిపోతోంది. దేవత అంటే మన పెద్దలు ఏమనుకున్నారు, ఇప్పుడు మన పిల్లలు ఏమనుకుంటున్నారు అన్నది ఎవరూ అడగడం లేదు.

మేడారం సంగతే చూడండి. అక్కడ విగ్రహం లేదు. కోయ పూజారులు సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో తెచ్చి గద్దె మీద నిలుపుతారు. ముఖం లేదు, చేతులు లేవు, కిరీటం లేదు. అన్ని లక్షల మంది మొక్కేది ఆ గద్దెకే. కానీ వాట్సాప్ స్టేటస్‌కు ముఖం కావాలి. అందుకే కిరీటం, పట్టుచీర, తెల్లని మేనిఛాయ పెట్టి సమ్మక్కను మైదానపు దేవతలా తయారు చేస్తున్నారు. ఈ పని క్యాలెండర్లు ముందే మొదలుపెట్టాయి, నిజమే. క్యాలెండరు గోడకు ఒకటే ఉండేది. ఇప్పుడు ఏఐ బొమ్మ రోజుకొకటి వస్తోంది. అలాంటి బొమ్మలే చూస్తూ పెరిగిన పిల్లవాడు మేడారం వెళ్లి గద్దెను చూస్తే ‘అమ్మవారు ఏది?’ అని అడుగుతాడు. ఆ ప్రశ్నలో మన మతం సగం పోయినట్టే.

మనకు బొమ్మలే లేవని కాదు. కోయలకు పడిగెలున్నాయి. త్రికోణపు గుడ్డ మీద ఒక్కో గట్టు వాళ్ల పుట్టుక, వేల్పు, వంశం బొమ్మలుగా ఉంటాయి. అయితే పడిగె దానంతట అది మాట్లాడదు. డోలీలు వచ్చి పాడితేనే ఆ బొమ్మల్లోంచి కథ బయటకు వస్తుంది. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య గారు సమ్మక్క సారలమ్మల కథను కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో చనిపోయారు. ఆయన పాట వీడియోల్లో దొరుకుతుంది, దొరకాలి కూడా. పాడే మనిషి లేకుండా బొమ్మ ఒక్కటే తిరగడం నాకు కష్టంగా ఉంది.

ప్రసాదం విషయంలో నాకంత పేచీ లేదు. 2022, 2024 జాతరల్లో ఆర్టీసీ కార్గో మేడారం ప్రసాదాన్ని ఇళ్లకు చేర్చింది. అడుగు తీసి అడుగు వేయలేని ముసలమ్మకు అది మేలే. కానీ నిలువెత్తు బంగారానికి కూడా ఆన్‌లైన్లో డబ్బు కట్టొచ్చంటేనే ఆలోచించాలి. తక్కెడలో మనిషి కూర్చుంటే, ఆ మనిషి ఎత్తు బెల్లం తూచి అమ్మకు ఇవ్వడం అది. అక్కడ ఇస్తున్నది ఒంటి బరువు. రసీదు మీద మిగిలేది కిలోల అంకె.

మా వైపు మార్పు ఇంత పెద్దగా కనపడదు. చైత్రంలో ఇటుకల పండుగ అన్ని ఊళ్లలో ఒకే రోజు రాదు. ఏ ఊరి మంచిరోజు ఆ ఊరి దిసారి చూసి చెబుతాడు. అందుకే ఒక ఊరి చుట్టాలు ఇంకో ఊరి పండక్కి వెళ్లగలిగేవారు. ఇప్పుడు ఎవరో ‘ఇటుకల పండుగ శుభాకాంక్షలు’ అని ఒక తేదీ పెట్టి పంపితే అదే అందరి తేదీ అయిపోతోంది. దిసారిని అడగడం ఆలస్యమవుతోంది. ఆడవాళ్లు దారికి దుంగ అడ్డం పెట్టి పజోరు అడిగినప్పుడు చిల్లర లేదని తప్పించుకునే వాళ్లకు మాత్రం ఫోను సాయం చేయదు. ఫోన్‌పే ఉందిగా!

అసలు చిక్కు పాటలతో వస్తోంది. నర్సీపట్నంలో చదువుకోడానికి చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు వైపు నుంచి లంబసింగి ఘాటీ దిగో, అడవి దారి పట్టో వచ్చే పిల్లలు ఊరి పండుగను ఫోనులో పట్టి తెచ్చుకుంటారు. బెంగ పుట్టినప్పుడు పెట్టుకుని వింటారు. అందులో థింసా పాటలుంటాయి, వాటితో ఏ ఇబ్బందీ లేదు. వాటి మధ్యలో దిసారి దేవతను పిలిచే మాటలూ ఉంటాయి. అవి ఉపవాసం ఉండి, ఏడాదిలో ఒక్కసారి, ఒక్క చోట అనే మాటలు. రాత్రి పదింటికి గదిలో అవి మోగితే దేవతను పిలిచినట్టా, కాదా? పిలిచినట్టయితే పంపేది ఎవరు?

ఈ ప్రశ్న ఇద్దరు ముగ్గురు పెద్దల ముందు పెట్టాను. ఒకాయన నవ్వేశాడు. ఫోను ఉపవాసం ఉండదు, దాని పిలుపుకు ఏ దేవతా రాదు అన్నాడు. ఇంకో పెద్దావిడ మాత్రం ఒప్పుకోలేదు. గొంతు ఆయనదే కదా, గొంతు గుర్తుపట్టి వస్తుంది, వచ్చి ఎవరూ లేకపోతే కోపం రాదా అంది. ఇద్దరూ బడికి వెళ్లని వాళ్లే. ఆ మాటల్లో ఉన్నంత మత చర్చ మనం రాసే వ్యాసాల్లో కనిపించదు. గొంతుకు శక్తి మనిషిలోంచి వస్తుందా, మాటలోంచి వస్తుందా అన్నదే వాళ్ల తగువు. క్రైస్తవంలోకి వెళ్లిన మన ఊళ్లలో మెమరీ కార్డులో ప్రార్థన వినేవాళ్లకూ ఈ తగువు కొత్త కాదు.

ఒక దిసారి అయితే తీర్పే చెప్పేశాడు. తుడుము, కిరిడి, మోరి మోగేదంతా తీసుకోండి, నేను నోరు తెరిచేటప్పుడు ఫోను పక్కన పెట్టండి అన్నాడు. ఆ ఊరి కుర్రాళ్లు కిందటి పండక్కి అలాగే చేశారు. వాళ్ల వీడియోలో ఒకచోట నాలుగైదు నిమిషాలు నేల, చెప్పులు తప్ప ఏమీ కనపడదు. గొంతు వినపడదు. తర్వాత మళ్లీ తుడుము మొదలవుతుంది.