పాత వెల్డింగు టార్చి: గుణదోష విచారణ

పాత ఇనుప సామాను అంగళ్ళలో ఒక్కొక్కప్పుడు బరువైన ఇత్తడి వెల్డింగు టార్చి కనిపిస్తుంది. పాతకాలపు సరుకు గట్టిదని పనివారు దానిని మెచ్చుకొంటారు. ఆ మెప్పు ఎంతవరకు న్యాయమో విచారింతము.

ఎసిటిలీన్‌ను ఆక్సిజన్‌తో మండిస్తే అంతవరకు ఎరిగిన వాయుజ్వాలలన్నింటికన్న వేడియైన జ్వాల వస్తుందని 1895లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు లె షాటెలియే చూపినాడు. 1903 నాటికి ఫూషే, పికార్ అనేవారు దానికి తగిన టార్చిని రూపొందించినారు. ఈ జ్వాల ఉష్ణోగ్రత సుమారు 3,100 సెంటిగ్రేడు డిగ్రీలు. ఇనుము 1,538 డిగ్రీల వద్దనే కరుగుతుంది.

కాల్షియం కార్బైడుపై నీరు పోసి ఎసిటిలీన్ తయారుచేసే రోజులలో ఆ వాయువుకు పీడనము చాల తక్కువగా ఉండేది. అందుచేత అనేక పాత టార్చీలలో ఆక్సిజనే సన్నని రంధ్రము గుండా వేగముగా దూసుకొనిపోతూ ఎసిటిలీన్‌ను తనవెంట లాగుకొంటుంది. బున్సెన్ బర్నరులో గాలి లోపలికి వచ్చేది కూడ ఈ సూత్రము ననుసరించియే. ఇంత సులువుగా అర్థమయ్యే ఏర్పాటు కలిగియుండడము పాత టార్చి గుణము.

ఇక దోషములు. బరువు బలానికి గుర్తు కాదు. అరిగిన వాల్వు, సరిగా కూర్చోని నాజిల్ పైకి కనబడవు. జ్వాల వెనుకకు తిరిగి గొట్టములోనికి పోకుండ ఆపే రక్షణ సాధనము పాత టార్చీలో ఉండదు. దానిని వేరుగా అమర్చవలె. బిగిసిన వాల్వుకు నూనె వేయడము అన్నింటికన్న పెద్ద ప్రమాదము. ఆక్సిజన్ పీడనములో నూనె తనంత తానే అంటుకొనవచ్చును. ఎసిటిలీన్‌కు రాగి గొట్టము వాడినను పేలుడు పదార్థము ఏర్పడవచ్చును.

లాగుకొనే రకము టార్చికి ఒక పరీక్ష ఉన్నది. శిక్షణ పొందినవాడు నిప్పు లేనిచోట ఆక్సిజన్ మాత్రమే కలిపి, రెండు వాల్వులు తెరచి, ఎసిటిలీన్ వచ్చే మూతివద్ద వేలు పెట్టవలె. వేలును లోనికి పీల్చవలె. పీల్చకున్న, లేక గాలి బయటికి తన్నిన, ఆ టార్చిని వెలిగించరాదు. రెండు వాయువులు సమాన పీడనముతో వచ్చే రకమునకు ఈ పరీక్ష వర్తించదు. కావున ముందు రకము తెలిసికొనవలె.

కోత టార్చి ఇనుమును కరిగించి కోస్తుందని చాలమంది అనుకొంటారు. ఇది సరికాదు. జ్వాల ఇనుమును ఎర్రగా కాల్చుతుంది. తరువాత వదలిన ఆక్సిజన్ ధార ఆ ఇనుమునే మండించి, ఏర్పడిన ఆక్సైడును ఊదివేస్తుంది. అల్యూమినియమును ఇట్లు కోయలేము. దాని ఆక్సైడు ఆ లోహముకన్న ఎంతో ఎక్కువ వేడికిగాని కరగదు. ధార తిన్నగా ఉంటేనే కోత తిన్నగా ఉంటుంది. మేకుతో పొడిచి రంధ్రము పెద్దదిచేసిన నాజిల్, ఎంత పేరున్న టార్చిదైనా, పనికిరాదు.

కావున తగిన నాజిల్ దొరకి, పరీక్షలన్నింటికి నిలిచిన పాత టార్చినే కొత్త గొట్టములతో, రక్షణ సాధనములతో పనికి పెట్టవలె. తక్కినవాటిని నిలువుగా కోసి పాఠశాల ప్రయోగశాలలో ఉంచితే, విద్యార్థులు వాయువుల దారిని కంటితో చూచి నేర్చుకొంటారు. వాటికి అదియే తగిన గౌరవము.